నల్లరేగడి మీద డాంబరు దారి: మా ఇంటి అనుభవం

రోడ్డు నుంచి గేటు దాకా, గేటు నుంచి కారు షెడ్డు దాకా కలిపితే మా దారి వంద అడుగులు, వెడల్పు పది. నల్లగొండ పక్కన పానగల్లు దాటాక, ఒకప్పుడు చెరువు కింద వరి పండిన మడులను ప్లాట్లు చేసిన చోట మా ఇల్లు. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్లు, వానాకాలం చెప్పు ఊడొచ్చేంత బురద. ఇల్లు కట్టిన కొత్తలో పోయించిన మొరం రెండు వానాకాలాలకే కనిపించకుండా పోయింది. అంతా నల్లమట్టిలోకి దిగిపోయింది.

సీసీ వేయించమని అందరూ చెప్పారు. మా లైన్లోనే ఒకరు వేయించారు కూడా. కింద నాలుగు తట్టల ఇసుక, పైన ఆరు అంగుళాల కాంక్రీటు. వానలకు నడుమ ఉబ్బింది, ఎండలకు అంచులు కుంగాయి, చివరికి పలకలు పలకలుగా విరిగింది. అందులో సిమెంటు తప్పేం లేదు. కింద నేల కదులుతుంటే కాంక్రీటు వంగలేదు, విరగడమే దానికి తెలుసు. డాంబరుకు కొంత వంగే గుణం ఉంది. ఇంటర్‌లాక్ బ్లాకులు కూడా మంచివే, లేచినచోట తీసి మళ్లీ పరుచుకోవచ్చు. కానీ మా అత్తమ్మ వాకర్ పట్టుకొని నడుస్తుంది, బ్లాకుల సందుల్లో దాని కాళ్లు తట్టుకుంటాయి.

డాంబరు ఆలోచన మా తమ్ముడిది. వాడుండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రం మిన్నియాపొలిస్ దగ్గర. అక్కడ ఇళ్ల ముందు డాంబరు దారులు మామూలే. నేను వెళ్లినప్పుడు వాడి ఇంటి ముందు పాత దారి పెకలించి కొత్తది వేస్తున్నారు. మనవాళ్లు నయాగరాకు వెళ్లి ఫొటోలు దిగుతారు, నేను ఆ కంకర గుట్ట పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నా.

అక్కడి బాధ వేరు. చలికాలంలో మైనస్ 25 డిగ్రీల దాకా పడిపోవడం వాళ్లకు కొత్తేమీ కాదు. నీళ్లు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయని మనం పిల్లలకు చెప్తాం. కానీ దారిని ఎత్తి పగలగొట్టేది ఆ ఉబ్బు ఒక్కటే కాదు. మెత్తటి ఒండ్రు మన్ను కింది తేమను పైకి లాగుతూనే ఉంటుంది. ఆ నీరు గడ్డకట్టే లోతుకు చేరి పొరలు పొరలుగా మంచు పలకలవుతుంది. పలక లావెక్కేకొద్దీ పైనున్న దారి లేస్తుంది. ఎండలు వచ్చాక ఇంకో తంటా. కరగడం పైనుంచి మొదలవుతుంది, కింద ఇంకా గడ్డే ఉంటుంది. కరిగిన నీళ్లు దిగే తోవ లేక కంకర కిందనే నిలిచి మన్ను తడిపిన పిండిలా మెత్తబడిపోతుంది. అప్పుడు బరువైన బండి ఎక్కితే దారి కుంగిపోతుంది. అందుకే ఆ రోజుల్లో మిన్నెసోటాలో చాలా రోడ్ల మీద లారీల బరువుకు పరిమితి పెడతారు.

ఆ రాష్ట్రం దక్షిణ భాగంలో ఇంటి పునాది కనీసం 42 అంగుళాల లోతుకు దిగాలన్నది రూలు, ఉత్తరాన 60. చలి అంత లోతుకు పోతుంది. దారి కోసం ఎవరూ అంత తవ్వరు. నీళ్లు నిలవని కంకర మందంగా వేసి సరిపెడతారు. తమ్ముడి ఇంటి ముందు పద్నాలుగు అంగుళాలు తవ్వి, మన్ను పైకి రాకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద పది అంగుళాల కంకర రెండు దఫాలుగా రోలింగ్ చేసి, ఆపైన డాంబరు రెండు పొరల్లో నాలుగు అంగుళాలు వేశారు. పని రోజుల్లో ఎక్కువ భాగం ఆ కంకరకే పోయింది, నల్లపొర మాత్రం ఒక్క రోజులో అయిపోయింది. "అక్కా, నువ్వు పైన నలుపు చూడకు, కింద ఏం పోస్తున్నరో చూడు" అన్నాడు వాడు.

మా దగ్గర మంచు లేదు. కానీ మా నల్లరేగడి నీళ్లు తాగితే లేస్తుంది, ఎండితే కుంగి పగులుతుంది. వాళ్లకు చలికాలం చేసేది మాకు వానాకాలం చేస్తుంది. రెండు చోట్లా జాగ్రత్త ఒక్కటే, దారి కిందికి నీళ్లు చేరకూడదు, చేరినా నిలవకూడదు.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మా మన్ను ఎంత ఉబ్బుతుందో ముందు చూడాలనుకున్నా. ఈ పరీక్షకు లక్షల మిషన్లు అక్కర్లేదు. ఎండబెట్టి దంచి, 425 మైక్రాన్ల జల్లెడలో జల్లించిన మన్ను పది గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో పోయాలి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్. ఈ రోజుల్లో కిరోసిన్ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తే, మా ల్యాబ్‌లోనే సోడియం ముక్కల్ని దాచేది దాంట్లోనే కదా. ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌కు బంకమన్ను ఉబ్బదు. తెల్లారి చూస్తే కిరోసిన్ జాడీలో మన్ను 9 మిల్లీలీటర్ల దగ్గర, నీళ్ల జాడీలో 15 దగ్గర ఉంది. అంటే 67 శాతం ఉబ్బు. 50 దాటిన మన్నును రోడ్డు కట్టల్లో వాడొద్దని కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలోనే ఉంది. అదే మన్ను మీద మేం ఇల్లు కట్టుకున్నాం, సరే, పునాది లోతుగా వేశాం కాబట్టి బతికిపోయాం.

ఇక కాంట్రాక్టర్ల వేట. మొదట వచ్చినాయన బూటుతో నేలను రెండుసార్లు తన్ని చూసి, "దీనికి ఇంకేం గావాలె మేడం, నలభై ఎంఎం కంకర పరిచి పైన ఒక లేయర్ గుంజితే పదేండ్లు ఉంటది" అన్నాడు. రేటు కూడా బాగా తక్కువ చెప్పాడు. మావారు అప్పుడే ఒప్పేసుకునేవారు. నేను జాడీలు చూపించా. ఆయన వాటిని చూసి, ఇవి హైవేలకు మేడం అని వెళ్లిపోయాడు. తర్వాత దొరికినాయన పంచాయతీరాజ్ రోడ్ల పనులు చేసిన మనిషి. మాట కటువు, పని తెలుసు. నేను అడిగినవాటిలో సగం ఆయనకు నచ్చలేదు, అయినా చేశాడు.

సంక్రాంతి అయ్యాక తవ్వకం మొదలైంది. అడుగు లోతు నల్లమన్ను తీసేశాం. దాని కింద కూడా నల్లమన్నే. అంతా తీసి పారెయ్యాలంటే ఎక్కడిదాకా పోవాలో తెలియదు. అందుకని సున్నం కలిపాం. బంకమన్ను రేకుల మధ్యనున్న సోడియం లాంటివాటిని తోసేసి సున్నంలోని కాల్షియం అక్కడ చేరుతుంది. రేకులు దగ్గరై గుంపులు కడతాయి, నీళ్లు పీల్చే గుణం తగ్గుతుంది. ఆరు అంగుళాల లోతుకు లెక్కేస్తే మన్ను సుమారు 22 టన్నులు, దానికి 4 శాతం అంటే యాభై కిలోల బస్తాలు పద్దెనిమిది. పిడుగురాళ్ల సున్నం తెప్పించాం. మరి ఆ జిగట మన్నులో సమంగా కలిపేదెలా? పక్క పొలం రైతు ట్రాక్టరుకు రోటవేటర్ కట్టి ఉంది. బస్తాలు వరుసగా చిమ్మి, నీళ్లు చల్లుతూ రోటవేటర్‌తో దున్నించాం. చేతిలో పిసికితే బంతిలా ముద్దయ్యే మన్ను రెండు రోజులకు పొడిపొడిగా రాలడం మొదలైంది. సున్నం కళ్లలో పడితే చూపుకే ప్రమాదం, చర్మాన్నీ కాలుస్తుంది. గాలి లేని పొద్దుటి పూట, కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఈ పనికి ఎవర్నీ దించకండి. మా కూలీలు అద్దాలు పెట్టుకోమంటే నవ్వారు, ఒకసారి గాలి తిరిగాక వాళ్లే అడిగి పెట్టుకున్నారు.

దాని మీద ఎర్ర మొరం ఎనిమిది అంగుళాలు రెండు దఫాలుగా, ఆపైన వెట్ మిక్స్ (కంకర, రాతి పొడి నీళ్లతో కలిపింది) ఆరు అంగుళాలు. మొరం ఎండుగా ఉన్నప్పుడు రోలర్ ఎన్నిసార్లు తిప్పినా లాభం లేదు, మరీ తడిస్తే రోలర్ వెనకాల అలలా లేస్తుంది. గుప్పెట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చెయ్యి మాత్రం తడవకూడదు. ఇంటి దగ్గర పెద్ద రోలర్ వైబ్రేషన్ పెడితే గోడలకు పగుళ్లొస్తాయని, షెడ్డు వైపు బేబీ రోలర్ వాడాం, మూలల్లో దిమ్మిస కొట్టించాం.

అంతా గట్టిగా కనిపించాక లోడు ట్రాక్టరును దాని మీద మెల్లగా నడిపించాం. ల్యాబ్ రిపోర్టులు తెప్పించే స్తోమత లేనివాళ్లకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. టైరు పోతుంటే పక్కన కూర్చొని కింద చూడాలి. గేటు లోపల ఒకచోట టైరు కింద నేల కొంచెం దిగి మళ్లీ లేచింది. నేను చూశాను, కాంట్రాక్టర్ చూడలేదన్నాడు. మళ్లీ నడిపిస్తే ఈసారి ఆయనా ఏమీ మాట్లాడలేదు. తవ్వితే కింద మెత్తటి బురద. పాత రోజుల్లో అక్కడ మడులకు నీళ్లు పోయే పిల్లకాలువ ఉండేదట, ఆ రైతే చెప్పాడు. ఆ బురదంతా తీసి, రాళ్లూ మొరం వేసి మళ్లీ కొట్టించాం. పైన నల్లపొర పడ్డాక ఆ చోటు నాకు తెలిసేది కాదు, మొదటి వానాకాలమే చెప్పేది.

ఇదే దశలో దారికి అడ్డంగా రెండు పీవీసీ పైపులు పూడ్పించా, అటు చివర ఇటు చివర మూతలతో. రేపు బోరు వైరో, నీళ్ల పైపో దాటించాలంటే దారిని కొయ్యాల్సిన పని ఉండదు. మా కాలనీలో డాంబరు పడ్డ మర్నాడే పైపు కోసం తవ్విన ఘనత ఒకరికి ఉంది.

వాలు సంగతి. అడుగుకు పావు అంగుళం చొప్పున పది అడుగుల వెడల్పుకు రెండున్నర అంగుళాలు ఒక పక్కకు వాల్చాం. ఆ పక్కన రాళ్లు నింపిన కాలువ. మేస్త్రీ లెవెల్ పైపుతో ప్రతి పది అడుగులకు మార్కు పెట్టించాడు. మొత్తం దారి చుట్టూ నేల కన్నా నాలుగు అంగుళాలు ఎత్తుకొచ్చింది. అంచుల్లో డాంబరు జారిపోకుండా రాతి కడీలు పడుకోబెట్టి పాతాం. మన దగ్గర కంచెలకు పాతే కడీలే. మిన్నెసోటాలో అయితే మంచు తోసే బండి తగిలి విరిగేవి అంచులే అని తమ్ముడు మొత్తుకుంటాడు. ఇక్కడ విరిచేది ట్రాక్టరు చక్రం. రోడ్డు కలిసే చోట మోరీ మూసుకుపోకుండా పర్మిషన్ తీసుకొని హ్యూమ్ పైపు వేయించాం.

వెట్ మిక్స్ ఆరాక ప్రైమ్ కోటు, అంటే డాంబరుకు ముందు చల్లే పల్చటి తారు పూత. ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) చల్లినప్పుడు ముదురు చాక్లెట్ రంగు, అందులోని నీరు విడిపోయేకొద్దీ నలుపుకు తిరుగుతుంది. ఒక రోజు దాని మీద ఎవర్నీ అడుగు పెట్టనీయలేదు.

డాంబరు ఎంత కావాలో లెక్క తేలికే. 93 చదరపు మీటర్లు, రెండు అంగుళాల మందం, దరిదాపు 11 టన్నులు, ఒక్క టిప్పర్. తారు గ్రేడు మీద మాత్రం నేనూ తమ్ముడూ ఫోన్లో చాలాసేపు వాదించుకున్నాం. వాడి దారికి వాడింది పీజీ 58-28. రోడ్డు పొర 58 డిగ్రీల దాకా వేడెక్కినా, మైనస్ 28కి చల్లబడినా తట్టుకోవాలని ఆ అంకెల అర్థం. మా దగ్గర మేలో గాలే 45 డిగ్రీలుంటే నల్లటి పొర 60 దాటుతుంది. అక్కడి మెత్తటి తారు ఇక్కడ టైర్లకు అంటుకుంటుంది. ఇక్కడి గట్టి తారు అక్కడ మొదటి చలికే ముడుచుకొని అడ్డంగా పగులుతుంది. అలాంటప్పుడు మన దేశపు గ్రేడుల్లో అన్నిటికన్నా గట్టి వీజీ-40 వేయించు అన్నాడు. అది బరువు లారీలు తిరిగే రోడ్లకు. ఇంటి దారి మీద రోజుకు రెండు సార్లు కారు పోతుంది, అంతే. ఇలాంటి దారి బరువుకు చావదు, ఎండకు తారు ఎండిపోయి చస్తుంది. అందుకని దానికన్నా కొంచెం మెత్తటి వీజీ-30, రాయి సైజు చిన్నదిగా, తారు 5.4 శాతానికి తగ్గకుండా అడిగాం.

మిక్స్ ప్లాంటు బిల్లు నా పేరు మీదే ఉండాలని ముందే చెప్పా. ఎక్కడో ప్రభుత్వ పనికి పోవాల్సిన సరుకు దారి మళ్లి మా వాకిట్లో పడడం నాకిష్టం లేదు.

చెప్పినా మొదటి లోడు సాయంత్రం ఐదు దాటాక వచ్చింది. పొద్దున నింపుకొని, ఇంకో పని దగ్గర కొంత దించి, మిగిలింది తెచ్చారు. మిక్స్ మీద మెరుపు లేదు, పారతో తీస్తే గడ్డలుగా వస్తోంది. "పైన చల్లగ అనిపిస్తది మేడం, లోపల మస్తు వేడుంటది" అన్నాడు కాంట్రాక్టర్. డయల్ థర్మామీటర్ ఆయన చేతికే ఇచ్చి లోపల గుచ్చమన్నా. 108. వీజీ-30 మిక్స్ పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలుండాలి, 90కి దిగేలోపు రోలింగ్ ముగియాలి. చల్లారిన మిక్స్ ఎంత తొక్కినా దగ్గరపడదు, సందులుంటాయి, ఆ సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. మరి కింద ఇన్నాళ్లు చేసిందంతా దేనికి? వెనక్కి పంపించా. మాటలు బాగానే పెరిగాయి. చుట్టుపక్కల వాళ్లు గేట్ల దగ్గర నిలబడి చూశారు. మావారు లోపలికి వెళ్లి టీవీ పెట్టుకున్నారు.

తర్వాతి లోడు పొద్దున్నే నేరుగా ప్లాంటు నుంచి టార్పాలిన్ కప్పుకొని వచ్చింది. 152. టార్పాలిన్ తీయగానే పొగ, నల్లగా నూనె రాసినట్టు మెరుపు. నీలం పొగ వస్తే తారు మాడిందని అర్థం, అది రాలేదు. పేవర్ మిషన్ ఇంత చిన్న పనికి రాదు, మనుషులే పరిచారు. రెండు అంగుళాలు కావాలంటే వదులుగా రెండున్నర పరవాలి. దంతెతో అతిగా లాగితే పెద్ద రాళ్లన్నీ ఒక పక్కకు చేరతాయి, అందుకే పారతో తెచ్చి బోర్లించి, దంతె వీలైనంత తక్కువ వాడమన్నా. అంతలో ఒకతను రోలర్ చక్రానికి డీజిల్ రాయబోయాడు, అంటుకోకుండా ఉండడానికి. అందరూ చేసే పనే. కానీ డీజిల్ తారును కరిగిస్తుంది. బకెట్లో సబ్బునీళ్లు కలిపి ఇచ్చా. పనిచేసింది.

రోలింగ్ పల్లం అంచు నుంచి మిట్టకు. ఒక దశ దాటాక రోలర్ డ్రైవరే దిగాడు. "ఇంక చాలు అక్కా, ఎక్కువ తొక్కితే రాయి పగులుతది" అన్నాడు. వంగి చూపించాడు కూడా, ఒకచోట రాయి నెత్తి తెల్లగా నలిగి ఉంది. మొత్తం పనిలో నాకు ఎదురు చెప్పకుండా, తనంతట తానే సరైన మాట చెప్పిన మనిషి అతనొక్కడే.

కొత్త డాంబరు కొన్నాళ్లు మెత్తగానే ఉంటుంది. కారు కదలకుండా నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే పైపొర లేస్తుంది. అంతకన్నా పెద్ద శత్రువు బైకు సైడ్ స్టాండ్. ఏప్రిల్ మధ్యాహ్నం ఒక కొరియర్ అబ్బాయి ఐదు నిమిషాలు బండి ఆపాడు, స్టాండు రూపాయి బిళ్లంత గుంట చేసింది. ఇప్పుడు గేటు దగ్గర షాబాద్ బండ ముక్కలు పెట్టాం, బండి ఆపేవాళ్లు స్టాండు కింద వేసుకుంటారు.

వానాకాలం వచ్చాక గొడుగు పట్టుకొని దారి మీదే నిలబడి చూశా. నీళ్లు అనుకున్న పక్కకే పోయాయి. షెడ్డు ముందు ఒకచోట మాత్రం పళ్లెమంత మేర నిలుస్తున్నాయి, బిళ్ల మందం లోతు. కాంట్రాక్టర్‌ను పిలిస్తే దానికి అతుకేస్తే ఆ అతుకే ముందు లేస్తుంది, వదిలెయ్యమన్నాడు. అది నిజమే, వదిలేశా. పిల్లకాలువ పోయిన చోటు కదల్లేదు. ఎండలకు కడీల వెంట వెంట్రుక మందం పగుళ్లు వచ్చాయి, ఎమల్షన్‌లో క్రషర్ డస్ట్ కలిపి నేనే పూశా. మిన్నెసోటాలో చలి రాకముందే పగుళ్లు పూడ్చుకుంటారు, మేం మృగశిర కార్తె లోపు పూడ్చుకుంటే చాలు. అంచుకు దగ్గరగా వేప మొక్క నాటుదామని మావారు అంటున్నారు. పెద్ద చెట్టు వేళ్లు నల్లరేగడిలో తేమ పీల్చి నేలను ఇంకా కుంగదీస్తాయి, పదిహేను అడుగులు అవతల నాటమన్నా.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మొత్తంలో సగానికి పైగా నేల కిందికే పోయింది. మొదట వచ్చినాయన చెప్పిన రేటుకు రెండింతలు దాటింది. రేట్లు ఊరూరికీ, నెలనెలకూ మారతాయి, నా అంకె మీకు పనికిరాదు. ఎర్ర చెలక నేల ఉన్నవాళ్లకు సున్నం పనే ఉండదు, వాళ్లకు బాగా తగ్గుతుంది.

యాసంగి కోతలప్పుడు సున్నం దున్నిన రైతు వచ్చి దారి మీద వడ్లు ఆరబోసుకుంటానన్నాడు. కాదనలేకపోయా. షరతు ఒక్కటే పెట్టా, ట్రాక్టరుకు దమ్ము చక్రాలుంటే బయటే ఆపాలని. మొన్న కాంట్రాక్టర్ ఎవరో ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చి మా దారి చూపిస్తున్నాడు. నేను లోపల్నుంచి వింటున్నా. "నేనైతే నూట నలభై డిగ్రీలకు తక్కువుంటే లోడు దించనియ్య సార్" అంటున్నాడు.